మూతపడ్డ మిల్లుకి ఆయుధపూజ

ఒక సామ్రాజ్యం కూలిపోవడం నేను కళ్ళారా చూశాను. ఎత్తైన గోడలు, ఇనుప తలుపులు, కాపలా భటుడు, లోపల చీకటి, గబ్బిలాలు, ఆయుధపూజ, చివర్లో ఒక బలి, ఇన్నీ ఉన్న గాథ. దీన్ని ఎప్పటికైనా పర్వాలు పర్వాలుగా రాసి లోకం మీదకి వదలాలని చాలా ఏళ్ళు బెదిరించాను. మొన్న కాగితం ముందు కూర్చుని నిజాయితీగా ఆలోచిస్తే తేలిందేంటంటే, ఆ గోడలు తెనాలి శివార్లలో మూతపడ్డ నూలు మిల్లువి. భటుడు సుబ్బయ్య అనే వాచ్‌మన్, మధ్యాహ్నం నిద్ర అతని ప్రధాన ఆయుధం. గబ్బిలాలు నిజానికి పావురాలు. బలైంది బూడిద గుమ్మడికాయ. ఇక సామ్రాజ్యమంటారా, అది మా బాబాయి ఒక్కడి బుర్రలోనే ఉండేది. కాబట్టి పర్వాలు లేవు, ఈ నాలుగు పేజీలే.

పోయిన నెల బాబాయి సంవత్సరీకానికి రేపల్లె వెళ్ళాను. భోజనాలయ్యాక పిన్ని దేవుడి గూట్లోంచి ఒక కొయ్య కండె తీసి నా చేతిలో పెట్టింది. మిల్లులో నూలు చుట్టుకునే కండె, జానెడు పొడవు, ఒక కొస లావు, ఒక కొస సన్నం. ఏళ్ళ తరబడి పెట్టిన పసుపూ కుంకుమా పేరుకుని అసలు కొయ్య రంగేంటో తెలియకుండా పోయింది. "ఇది నువ్వు తీసుకెళ్ళవే," అంది పిన్ని. "కాపురానికొచ్చిన కొత్తలో మీ బాబాయి గూట్లో పెట్టాడు. పెట్టాడు కదాని రోజూ బొట్టు పెట్టాను. ఇది ఏ దేవుడో నాకు ఇప్పటికీ తెలీదు." ఏ దేవుడూ కాదు పిన్నీ, నేలమీద దొర్లుతుంటే నేను ఏరి ఇచ్చాను అన్నాను. పిన్ని కాసేపు కండె వంక చూసి, "పోనీలే, అడిగినవి కొన్ని ఇచ్చింది," అని లోపలికెళ్ళి మజ్జిగ కలిపింది.

మా ఇల్లు మిల్లుకి కేకేస్తే వినబడేంత దూరంలో ఉండేది. నిజానికి కేకేసేది మిల్లే. ఇంట్లో గోడ గడియారం లేకపోలేదు, కాని దానికి కీ ఇచ్చే అలవాటు ఎవరికీ లేదు. ఇంటిని నడిపింది మిల్లు కూత. తెల్లవారు కూతకి నాయనమ్మ లేచి పొయ్యి ఊది కాఫీ నీళ్ళు పెట్టేది. పొద్దుటి షిఫ్టు కూతకి బాబాయి ఒక చెప్పు వేసుకుని రెండోదాని కోసం మంచం కింద దూరి ఉండేవాడు. మధ్యాహ్నం షిఫ్టు మారే ముందు ఒక హెచ్చరిక కూత, మారేటప్పుడు అసలు కూత. మొదటిదానికి నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసేది, రెండోదానికి గంజి వార్చేది. మెతుకు పట్టి చూడటమనేది మా ఇంట్లో లేదు. వార్చిన అన్నం మల్లెమొగ్గల్లా ఉండేది. ఆ కూత కూలీల కోసమని ఎంతమంది చెప్పినా నాయనమ్మ నమ్మలేదు. "మన అన్నం కోసం అంత ఆవిరి ఖర్చుపెడుతున్నారు, మంచివాళ్ళురా," అనేది.

బాబాయి మిల్లులో ఫిట్టరు. మా నాన్నకి తమ్ముడు, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, అందువల్ల నేను సగం భయంతోనూ సగం వెక్కిరింతతోనూ పెరిగాను. రెండో సగమే పెద్దది. పొలం పనికి పిలిస్తే బురదన్నాడు, నాన్న చదువుకోమంటే పుస్తకాలన్నాడు, మిల్లులో చేరమని ఎవరూ అనలేదు కాబట్టి చేరాడు. షిఫ్టు దిగి వచ్చేటప్పటికి మిషను నూనె వాసన వీధి మలుపులోనే వచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. తలనిండా దూది నూగు. అప్పుడప్పుడే పండిపోయిన ముసలాయన నడిచొస్తున్నట్టుండేది. నాయనమ్మ అరుగు మీద కూర్చోబెట్టి ఈరుబానతో ఆ నూగంతా దువ్వి తీసి, చొక్కా జేబులు దులిపి, ఒక డబ్బాలో పోగేసేది. సాయంత్రం దానితోనే వత్తులు. మా ఇంట్లో దీపం బాబాయి నెత్తిమీది దూదితో వెలిగేది. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

ఒకరోజు మిల్లు కూయలేదు. ముందు గేటుకి తాళం, తాళం పక్కన 'తాత్కాలికంగా మూసివేయడమైనది' అని ఒక బోర్డు. పత్తి ధరలన్నారు, కరెంటన్నారు, యజమానుల్లో అన్నదమ్ములకి పడలేదన్నారు. మా ఇంట్లో మాత్రం ఆ రోజు అన్నం జావైంది. మర్నాడు కూడా. నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆ కూత కోసం చెవి అటేసి ఉంచేది, గిన్నె అడుగంటిన వాసన వచ్చేది. నేనప్పుడు బాపట్లలో హాస్టల్లో ఉండి పి.యు.సి. చదువుతున్నాను. సెలవులకి ఇంటికొస్తే హాస్టల్ అన్నమే నయం అనిపించింది, అంతకంటే ఘోరమైన మాట మా తరంలో ఎవరూ అనలేదు.

ఈ కష్టం బాబాయే తీర్చాడు. చేతి గడియారం చూసుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. వేళ కాగానే ఇంట్లోకి తిరిగి, "అమ్మా, కూసిందీ!" అని అరిచేవాడు. బియ్యం పడేవి. మళ్ళీ కాసేపటికి, "అమ్మా, రెండోది!" గంజి వార్చేది. అన్నం మళ్ళీ మల్లెమొగ్గలైంది. ఉద్యోగం పోయిన మనిషి ఇంటికి ఏ విధంగానైనా పనికిరాగలడనడానికి ఇది ఉదాహరణ. కాని బాబాయి లెక్కలో ఉద్యోగం పోలేదు. 'తాత్కాలికంగా' అనే మాటని అంత గట్టిగా నమ్మిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. రోజూ పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని ముందు గేటు దాకా వెళ్ళి, "సుబ్బయ్యా, లోపల అన్నీ ఉన్నాయిగా?" అని అడిగేవాడు. "ఉన్నాయండి," అనేవాడు వాచ్‌మన్ సుబ్బయ్య. బాబాయి ఇంటికొచ్చి టిఫిన్ తినేవాడు. అది అతని షిఫ్టు.

అలా ఎన్నాళ్ళు నడిచేదో కాని, దసరా ముందు రెండు కబుర్లు ఒక్కసారే వచ్చిపడ్డాయి. పొన్నూరులో నాన్నకి తెలిసినవాళ్ళ రైసు మిల్లులో మనిషి కావాలి, పండగ వెళ్ళేలోపు ఔనో కాదో చెప్పకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. రెండోది రేపల్లె సంబంధం. పిల్ల ఫోటో చూసి బాబాయి అరుగు మీద కూర్చుని మొదటి కూత కూయడం మర్చిపోయాడు, అంటే నచ్చిందన్నమాట. పండగ వెళ్ళగానే పిల్లని చూడ్డానికి రమ్మన్నారు. అబ్బాయి ఏం చేస్తాడని అడుగుతారు కదా, ఏం చెబుదాం అని నాన్న అడిగాడు.

"మిల్లులో ఫిట్టరని చెప్పండి," అన్నాడు బాబాయి.

"ఏ మిల్లులోరా? గబ్బిలాలకి ఫిట్టరువా?"

"తెరుస్తారన్నయ్యా. తెరిచేనాటికి నేను పొన్నూరులో వడ్ల మధ్య కూర్చుంటే నా ఫ్రేము ఎవడికిస్తారో!"

ఫ్రేమంటే నూలు వడికే మిషను. వరసగా కదుళ్ళుంటాయట, ఒక రైలుపెట్టెంత పొడుగట. ఎడంవైపు గోడ పక్కన మొదటిది బాబాయిది. అంటే దాన్ని బాగుచేసేది అతను. తాళి కట్టని పెళ్ళాం అనేవాడు నాన్న, నాయనమ్మ లేనప్పుడు.

నాయనమ్మ ఈ గొడవంతా విని, చేటలో బియ్యం చెరుగుతూ తీర్పు చెప్పింది. "ఇద్దరూ గొంతులు చించుకోకండి. లోపల మిషన్లుంటే తెరుస్తారు, లేకపోతే లేదు. పోయి చూసొస్తే పోలా?"

"లోపలికి ఎవర్నీ పోనివ్వరమ్మా. గట్టి ఆర్డరు."

"రేపు మహర్నవమి. ఆయుధపూజకి వచ్చామంటే ఎవడాపుతాడ్రా? ఆపితే వాడికే చుట్టుకుంటుంది."

బాబాయి ముఖం వెలిగిపోయింది. ఏటా మహర్నవమికి మిల్లంతా కడిగి, ప్రతి మిషనుకీ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి, గుమ్మడికాయ పగలగొట్టేవాళ్ళు. ఈసారి తన ఫ్రేముకి పూజ లేకుండా పోతుందని లోపల్లోపల కుమిలిపోతున్నాడట. ఉంటే రేపల్లెలో ఫిట్టరు, లేకపోతే పొన్నూరు, మారు మాట్లాడను అని నాయనమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఒక మనిషి పెళ్ళీ బతుకూ బూడిద గుమ్మడికాయతో తేలబోతున్నాయన్నమాట. అది మోసే బాధ్యత నా మీద పడింది.

మర్నాడు ఎండెక్కాక ఊరేగింపుగా బయల్దేరాం. ముందు పళ్ళెంలో పసుపు కుంకుమలతో నాయనమ్మ, వెనక పులిహోర క్యారియరుతో బాబాయి, ఆ వెనక పురిటి పిల్లని ఎత్తుకున్నట్టు గుమ్మడికాయతో నేను. గుమ్మడికాయ మీది బూడిదంతా నా కొత్త ఓణీకి అంటింది. దారిలో ఇద్దరు ముగ్గురు ఎక్కడికని అడిగారు. "మిల్లుకి," అన్నాడు బాబాయి, డ్యూటీకి వెళ్తున్నవాడిలా.

సుబ్బయ్య మమ్మల్ని చూసి బెంచీ మీంచి లేచాడు. పూజ అనగానే అతని ముఖం ఒకలా అయింది. "ఇక్కడ గేటు దగ్గర చేసుకోండి అమ్మగారూ. గేటూ ఇనుమేగా."

"గేటు నూలు తీస్తుందా నాయనా?" అంది నాయనమ్మ. "ఏడాదికోసారి వచ్చే పూజ. ఆపావంటే నీకు మంచిది కాదు, ఆపైన నీ ఇష్టం. ముందు ఈ పులిహోర తిను."

సుబ్బయ్య పులిహోర వంక చూశాడు, బాబాయి వంక చూశాడు. బాబాయి వంక చూసినప్పుడు ఎందుకో కళ్ళు దించుకున్నాడు. తాళం తీశాడు.

నేను సాహసాలు ఆశించాను. పాములుంటాయని హాస్టల్లో స్నేహితురాళ్ళకి చెప్పడానికి ఒక పాము కథ ముందే సిద్ధం చేసుకున్నాను. పాములు లేవు. పావురాలున్నాయి, వాటి రెట్ట ఉంది. పైన రేకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా దిగుతోంది, ఆ గీతల్లో దూది నూగు ఇంకా తేలుతూనే ఉంది, మనుషులు వెళ్ళిపోయిన సంగతి దానికి ఎవరూ చెప్పనట్టు. నూనె వాసన. బాబాయి చొక్కా వాసనే, కాని ఇల్లంత పెద్ద చొక్కా. గోడలకి, దూలాలకి, కిటికీ ఊచలకి తెల్లగా దూది పట్టి ఉంది. నాయనమ్మ లోపలికి రావడం అదే మొదటిసారి. చేతులు జోడించి నాలుగు వైపులా చూసి, "ఇన్ని వత్తులు!" అంది.

మిషన్లున్న పెద్ద షెడ్డులోకి బాబాయి ముందు వెళ్ళాడు. వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను గుమ్మడికాయతో వెనకనుంచి గుద్దుకున్నాను.

షెడ్డు ఖాళీ. అంత పొడవునా నేల మాత్రమే ఉంది. మిషన్లు ఉన్నచోట సిమెంటులోంచి బోల్టులు పైకి పొడుచుకుని వరసలు వరసలుగా, కోసేసిన వరి మోళ్ళలా నిలబడి ఉన్నాయి. నాకు ఒక జోకు తట్టింది కాని అనలేదు, నన్ను తెలిసినవాళ్ళకి ఆ నిశ్శబ్దం ఎలాంటిదో దీన్నిబట్టి అర్థమవ్వాలి.

అప్పుడు బాబాయి చెయ్యెత్తి ఎడంవైపు గోడ పక్కకి చూపించాడు. అక్కడ, సరిగ్గా అతని ఫ్రేము ఉండాల్సిన మూల, టార్పాలిన్ కప్పి తాళ్ళతో కట్టిన ఒక ఆకారం. నడుమెత్తు ఉంది.

"చూశావామ్మా? మిగతావి పోయాయి. నాది ఉంచారు."

"రైలుపెట్టంత ఉంటుందన్నావుగా బాబాయ్?" అన్నాను.

"అది మొత్తం పొడుగే. ఇది దాని తల. మోటారూ పళ్ళచక్రాలూ అన్నీ ఇక్కడే ఉంటాయి. తలుంటే చాలు, మిగతాది బిగించుకోవచ్చు." మనిషి నిజంగానే ఫిట్టరు. ఎక్కడ ఖాళీ ఉన్నా ఏదో ఒకటి బిగించేస్తాడు.

టార్పాలిన్ తీద్దామా అంటే వద్దన్నాడు. పూజయ్యాక తీద్దాం, ఇప్పుడు తీస్తే దుమ్ము ప్రసాదంలో పడుతుందన్నాడు. పులిహోర క్యారియరు మూత బిగించే ఉంది. నేను నాయనమ్మ వంక చూశాను. నాయనమ్మ నా వంక చూసి, అగరొత్తులు వెలిగించింది. ఆ తర్వాత బాబాయి చేసిన పూజ ఏ పూజారీ చేసి ఉండడు. టార్పాలిన్ మీద చేత్తో దుమ్ము తుడిచాడు. నాలుగు మూలలా నిమ్మకాయలు కోసి పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. మంత్రాలు రావు కాబట్టి దానితో మాట్లాడాడు. "ఈసారి నూనె సరిగా వెయ్యలేకపోయాను, ఏమనుకోకు. తెరవగానే మొట్టమొదట నీ పనే చూస్తా," అన్నాడు. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పి నేలకేసి కొట్టాడు. గింజలు నా పాదాల దాకా వచ్చాయి. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

"మరి బొట్టు?" అంది నాయనమ్మ. "ఇనుముకి బొట్టు పెట్టని ఆయుధపూజ ఏంట్రా? గుడ్డకి పెట్టుకుంటామా?"

బాబాయి కదల్లేదు. తాడు ముడి అతని చేతికి అందేంత దగ్గర్లో ఉంది, అయినా చెయ్యి జాపలేదు. ఇక నేనే వెళ్ళి ముడి విప్పి టార్పాలిన్ లాగాను.

నాయనమ్మ ముందుకొచ్చి దాన్ని పైనుంచి కిందకి చూసింది. జన్మలో నూలు మిషను చూడని మనిషి. "ఇదేనా? దీనికోసమా రాత్రనకా పగలనకా పరిగెత్తావు?" అని, కొంచెం వంగి, "ఇందులోంచి దారం ఎటునుంచి వస్తుందిరా?" అంది.

"ఇది కాటా అమ్మా," అన్నాడు బాబాయి. "పత్తి బేళ్ళు తూస్తారు."

సుబ్బయ్య గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో విస్తరాకు ఉంది, తినడం ఆపేశాడు. "అది వాళ్ళు వద్దన్నారండి. పలక వంగింది, తూకం తప్పు చూపిస్తది. మిగతావన్నీ వెనక గేటునుంచి లారీల్లో పోయినయ్."

"నేను రోజూ అడుగుతుంటే అన్నీ ఉన్నాయన్నావుగా సుబ్బయ్యా?"

"రోజూ ఉతికిన చొక్కా వేసుకుని అడిగేవారండి," అన్నాడు సుబ్బయ్య. "లేవని ఎట్టా చెప్పను?"

అన్నాళ్ళూ బాబాయి ముందు గేటుకి కాపలా కాశాడు. సామ్రాజ్యం వెనక గేటునుంచి వెళ్ళిపోయింది.

బాబాయి వెళ్ళి ఆ కాటా పలక మీద కూర్చున్నాడు. ముల్లు గబగబా పైకి పోయి, అతను పెళ్ళికొడుకు కాదు పెళ్ళివారంతా అన్నంత బరువు చూపించింది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను, తుమ్మాడు. దూది. ఆ తర్వాత కూడా భుజాలు కాసేపు కదిలాయి, అది కూడా దూదే అయ్యుండొచ్చు, నేను చూడలేదు. నాయనమ్మ నా మెడ పట్టుకుని అటు తిప్పి, "ఆ గోడకున్న దూది కాస్త తియ్యవే, వత్తులకి," అంది. ఇద్దరం చాలాసేపు గోడ దువ్వాం. నాయనమ్మ కొంగు నిండింది. నాకు బోల్టుల మధ్య దొర్లుతున్న ఈ కండె దొరికింది. తెచ్చి బాబాయికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నా ఫ్రేముది కాదు," అన్నాడు. అయినా జేబులో పెట్టుకున్నాడు. వచ్చేముందు నాయనమ్మ కాటాకి నాలుగు బొట్లు పెట్టింది. అదేంటమ్మా అని బాబాయి అంటే, "చేసిన పూజ వెనక్కి తీసుకుంటామా? పాపం, దీనికి మాత్రం ఎవరున్నారు?" అంది.

ఇంటికి బయల్దేరాం. వీధి మలుపు దగ్గర బాబాయి చేతి గడియారం విప్పి నాయనమ్మ చేతిలో పెట్టాడు. "పొన్నూరు వెళ్తానమ్మా. రేపటినుంచి కూత నువ్వే కూసుకో," అన్నాడు. నాయనమ్మకి గడియారం చూడటం రాదు. ఆ మాట అప్పుడు అనలేదు, కొంగున ముడేసుకుంది.

రేపల్లె ప్రయాణానికి నన్నూ తీసుకెళ్ళారు. పెళ్ళిచూపుల్లో పిల్ల తలొంచుకుని ఉంటుందనుకుంటే పిన్ని తలెత్తి, "ఏం చేస్తుంటారండి?" అని తనే అడిగింది. నాన్న దగ్గాడు. బాబాయి, "పొన్నూరులో రైసు మిల్లులో చేరబోతున్నానండి. ఇదివరకు నూలు మిల్లులో ఫిట్టర్ని. అది ఇంక తెరవరండి," అన్నాడు. ఆ చివరి మాట అనడం అతనికెంత కష్టమో నాకే తెలిసిందనుకున్నాను. పిన్నికీ తెలిసిందట. మొన్న మజ్జిగ తాగుతుంటే చెప్పింది. "అంతకుముందు వచ్చినవాళ్ళంతా ఇంక ఏమేం అయిపోతారో చెప్పారే. ఈయనొక్కడే ఏం అవ్వడో చెప్పాడు. సరే, ఈయనతో పడొచ్చనుకున్నా."

పొన్నూరు రైసు మిల్లులో బాబాయిది కాటా దగ్గర పని. వడ్ల బస్తాలు తూచి రాసుకోవడం. నాయనమ్మ బతికున్నంత కాలం ఇది ఊరంతా చెప్పుకుంది. కాటాకి పూజ చేశాం, కాటా దగ్గరే కూర్చోబెట్టింది, నమ్మకం ఉండాలమ్మా అని. అది కాటా ఉద్యోగమని పూజకి ముందే నాన్నకి తెలుసు. కాని ఆ సంగతి నాయనమ్మ ముందు అనే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. మిల్లు గోడలనుంచి తెచ్చిన దూది మాత్రం మోసం చేసింది. అందులో మిషను నూనె ఉండి దీపం చిటపటలాడి పొగలు కక్కేది. బాబాయి నెత్తిమీది దూదే మేలు అనేది నాయనమ్మ. బాబాయి వెళ్ళాక మా ఇంట్లో అన్నం మళ్ళీ జావైంది, ఈసారి ఎవరూ ఏమీ అనకుండా తిన్నాం. పొన్నూరు పక్కనే ఉన్న నిడుబ్రోలు స్టేషన్లో బండెక్కి సెలవుకి వచ్చినప్పుడల్లా బాబాయి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీదనుంచే, "అమ్మా, కూసిందీ!" అనేవాడు. వేళ కాకపోయినా నాయనమ్మ లేచి ఎసరు పెట్టేది.

ఇప్పుడా మిల్లు స్థలంలో ఇళ్ళు వచ్చాయి, ఒక కల్యాణ మండపం వచ్చింది. ఒకసారి అక్కడ ఒక పెళ్ళికి వెళ్ళి, భోజనాల బల్ల ముందు కూర్చుని, బాబాయి ఫ్రేము ఎక్కడుండేదో ఊహించబోయాను. అక్కడ చేతులు కడుక్కునే కుళాయిలున్నాయి. మా వంటింట్లో ఇప్పుడు కుక్కరు కూస్తుంది. ఎవరింటి కూత వాళ్ళదే. అప్పట్లో ఒక్క కూతకి ఎన్ని ఇళ్ళలో గంజి వారేదో, ఎంతమంది రెండో చెప్పు వెతుక్కునేవారో అనిపిస్తుంది. అలాగని ఆ రోజులే గొప్పవని అనను. ఆ పొయ్యి పొగకి నాయనమ్మ కళ్ళు పోయాయి, ఆ దూదికి బాబాయి చివరిదాకా దగ్గాడు. కుక్కరు అన్నం బాగానే ఉంటుంది. కాకపోతే అది కూసినప్పుడు అరుగు మీంచి ఎవరూ లోపలికి తిరిగి అరవరు. మాకు అరుగు కూడా లేదనుకోండి.

కండె బాపట్లలో మా ఇంటికి తెచ్చాను. దేవుడి మందసంలో పెడదామని చూస్తే పొడవెక్కువై తలుపు పడలేదు. వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా సందులో దూర్చాను, కొలిచి చేయించినట్టు సరిపోయింది. వానాకాలంలో కొయ్య ఉబ్బుతుంది కాబట్టి అప్పుడు మాత్రం తీయాలంటే కిందనుంచి ఒకసారి తట్టాలి.